ఎడమచేతికి పన్నెండు బోల్టులు

క్రేను ఆమెను నీళ్లలోంచి పైకి లాగింది. హెల్మెట్ తీయగానే ఆమె మంచినీళ్లు అడగలేదు. ఈ కాగితం ఎవరు రాశారని అడిగింది.

కొలను గట్టున కుర్చీలో ఉన్న ఇంజనీరు చెయ్యెత్తాడు.

"మీకు ఎడం చెయ్యి లేదాండీ?"

డైవర్లు నవ్వాపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు.

ఆమె వ్యోమగామి. ఆకాశంలో తిరిగే స్పేస్ స్టేషన్‌కి కొత్త సోలార్ పలకలు రాబోతున్నాయి. ఆలోగా ఆమె స్టేషన్ బయటికి వెళ్లి, వాటిని మోసే చట్రాన్ని పన్నెండు బోల్టులతో బిగించాలి. ఆ పనిని ముందు ఈ లోతైన కొలనులో తేలుతూ నేర్చుకుంటారు. ఏ బోల్టు ముందో, పాదం ఎక్కడ ఇరికించాలో అంగుళం తేడా లేకుండా ఆ కాగితంలో రాసింది ఇంజనీరే. కుడిచెయ్యి అందేలా రాశాడు. ఆమెది ఎడమచేతివాటం. ప్రతి బోల్టుకీ నడుము మెలితిప్పాల్సి వచ్చి, గడువు మీద ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది.

పది రోజుల్లో మళ్లీ పరీక్ష. అప్పుడూ ఆలస్యమైతే ఆమె బదులు ఇంకొకరు వెళతారని శిక్షణాధికారి తేల్చేశాడు. అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన, కుడిచెయ్యి అలవాటు చేసుకోమని సలహా కూడా ఇచ్చాడు.

ఇంజనీరూ అదే పాట పాడాడు. ఆ కాగితం మీద నాలుగు విభాగాల సంతకాలున్నాయని నచ్చజెప్పాడు.

"నా చెయ్యి మారదు. మీ కాగితమే మారాలి," అంది.

అప్పటినుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. డైవర్లు ఆమెకు పుర్రచెయ్యి అని, అతనికి కాగితంగారు అని పేర్లు పెట్టారు. క్యాంటీన్‌లో ఎదురుపడితే ఆమె కావాలనే ఎడంచేత్తో సెల్యూట్ కొట్టేది. అతను ప్లేటులోకి తలవంచి నవ్వు దాచుకునేవాడు.

ఏడో రోజు అతనికి పౌరుషం వచ్చింది. అలవాటు లేని చేత్తోనైనా తిప్పొచ్చని చూపిస్తానంటూ, గాలి నింపిన మందపాటి స్పేస్‌సూట్ గ్లౌజు ఎడమచేతికి తొడుక్కుని, నమూనా చట్రానికి బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. ఆమె బల్లమీద కూర్చుని బిస్కెట్లు తింటూ చూసింది. అయిదో బోల్టుకి చెమటలు పట్టాయి. ఏడోదానికి వేళ్లు మాట వినడం మానేశాయి. గ్లౌజు తీస్తే చూపుడువేలి గోరు కమిలిపోయి ఉంది.

ఆమె వెక్కిరించలేదు. ఐసుముక్క తెచ్చి వేలికి అదిమిపెట్టింది. ఎడంచేత్తోనే.

మర్నాడు అతను కాగితమంతా తిరగరాసి పెద్దాయన ముందు పెట్టాడు. ఆయన కుదరదన్నాడు. అయితే పాతదాని మీద తన పేరు కొట్టేయమని, మనిషిని మెలితిప్పే కాగితం తనది కాదని ఇంజనీరు మొండికేశాడు. పెద్దాయన ఒక్కసారికి ఒప్పుకున్నాడు.

పరీక్షను ఆమె గడువుకు పదకొండు నిమిషాల ముందే ముగించింది.

అప్పుడు పెద్దాయనకు ఇంకో అనుమానం వచ్చింది. ఆమె బయట పనిచేసేటప్పుడు, కింద మైకు ముందు కూర్చుని ఒక్కో మాటా చదివి చెప్పాల్సింది ఇంజనీరే. ఇద్దరి మధ్యా ఏమైనా ఉంటే ఆ కుర్చీ ఇవ్వకూడదన్నది నియమం. గొంతు తడబడితే ప్రాణం మీదికొస్తుంది. ఆమెనే అడిగాడు. ఉంది, రాసుకోండి అంది. మైకు వేరొకరికి వెళ్లింది.

ప్రయాణానికి ముందు, జలుబులు అంటకుండా ఆమెను అద్దాల గదిలో ఉంచారు. అతను అద్దానికి ఇవతల ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు చెప్పకుండా ఆయనకెందుకు చెప్పారు?"

"అడిగింది ఆయన. మీరు అడగలేదు."

"ఇప్పుడడుగుతున్నా. పెళ్లి చేసుకుందామా?"

"బోల్టులన్నీ బిగించి దిగొచ్చాక అడగండి. ఇప్పుడే ఔనంటే, ప్రేమ కోసం కాగితం మార్చారంటారు. పని కోసమే మార్చారని ముందు అందరూ చూడాలి."

ఆమె స్టేషన్ బయటికి వెళ్లిన రోజు అతను కింద కుటుంబాల గదిలో, ఆమె తల్లి పక్కన కూర్చున్నాడు. తెరమీద తొమ్మిదో బోల్టు మొరాయించింది. వదిలేసి లోపలికి రమ్మంది మైకులోని గొంతు. పాదం సరైన చోటే ఉందని, ఇంకోసారి తిప్పి తీరతానని ఆమె జవాబిచ్చింది. బోల్టు తిరిగింది. తర్వాత మూడూ తిరిగాయి.

గదంతా చప్పట్లు. తల్లి మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఆ చేతిని మార్చాలని స్కేళ్లు విరిగేలా కొట్టాను బాబూ. ఏడేళ్లు పట్టింది నాకు ఓడిపోవడానికి. నీకో?"

"ఎనిమిది రోజులండీ."

ఆవిడ అతనివైపు తిరిగి నవ్వింది.

"నాకన్నా నయం. అది దిగిరాగానే ఇద్దరూ కలిసి ఇంటికి రండి."