నాడి చూడని నర్సు

"ప్రొఫెసర్‌ని లేపేయడానికి తుపాకీ వాడరట," అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీద ముందుకు నెడుతూ. "మనకు దొరికిన ముక్క ఇంతే."

ఏజెంటు ఫైలు తెరిచాడు. సర్వీసులో అందరూ అతన్ని నిదానం అంటారు. నౌకాదళానికి కొత్త కోడ్ తయారుచేసింది ఈ ప్రొఫెసరే. అది కాగితం మీద లేదు, ఆయన తలలోనే ఉంది. పది గంటలకు కమిటీకి చెప్పాలి. ఈలోగా ఆయన పోతే, పాత కోడ్ చేజిక్కించుకున్న విదేశీ ముఠా మన ఓడల మాటలు ఇంకో ఏడాది తీరిగ్గా వింటుంది.

"కాపలా?"

"గుమ్మం దగ్గర నలుగురు. లోపల నర్సు వేషంలో మన చిలక. ముఠావాళ్లు ఆమెను తమ మనిషే అనుకుంటున్నారు."

చిలకకు పని నేర్పింది నిదానమే. ఆరేళ్లు వెంట తిప్పుకున్నాడు. ఒకప్పుడు ఆ పేరు వింటే ముఖం విప్పారేది. ఇప్పుడు ఏమీ అనిపించలేదు. ఈమధ్య అతనికి ఏదీ అనిపించడం లేదు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా ఒకటే.

తొమ్మిదింపావుకు, అంటించుకున్న మీసంతో, బార్బర్ వేషంలో గెస్ట్‌హౌస్ గదిలోకి అడుగుపెట్టాడు. షేవింగ్ బ్రష్ పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ప్రొఫెసర్ కుర్చీలో వాలి ఉన్నాడు. పక్కన టిఫిన్ ప్లేటు ముట్టుకున్నట్టు లేదు.

"తినలేదేం సార్?"

"నాలుగు రోజులుగా నోటికేదీ సయించడం లేదయ్యా. కడుపులో తిప్పుతోంది. ఈ కర్టెన్లు మార్చిందెవరు? ఇంత పసుపా!"

కర్టెన్లు తెల్లగానే ఉన్నాయి.

నురగ రాస్తూ నిదానం రెండు వేళ్లు ఆయన మెడ పక్కన ఆనించాడు. గోడ గడియారం చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టాడు. నలభై నాలుగు. అదీ తడబడుతూ.

తలుపు తెరుచుకుని చిలక వచ్చింది. ఇస్త్రీ చెదరని యూనిఫాం, చూసినవాళ్లు చూపు తిప్పుకోలేని అందం. చేతిలో ట్రే.

"గుండె మాత్ర సార్. నిన్న వేసుకోలేదుగా, అందుకని ఇవాళ రెండు."

ఆయన రెండూ నాలుక మీద వేసుకుని గ్లాసు ఎత్తాడు. నిదానం గ్లాసు లాగేశాడు.

"మింగొద్దు! ఉమ్మెయ్యండి సార్!"

ప్రొఫెసర్ బెదిరిపోయి తువ్వాల్లో ఉమ్మేశాడు.

"గడ్డం గీసేవాడివి, నీకెందుకయ్యా వైద్యం?" చిలక నవ్వింది.

"డిగాక్సిన్ కదమ్మా? ఇచ్చేముందు నిమిషంపాటు నాడి చూడాలి. అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టర్ని అడగాలి. నిన్నటిది మర్చిపోతే ఇవాళ రెండు వేయకూడదు. ఆకలి చచ్చినా, కళ్లకు పసుపు కనబడినా మందు ఎక్కువైందేమో చూడాలి. ఏ నర్సునైనా నిద్రలో లేపి అడుగు, చెబుతుంది."

ఆ గొంతు ఆమె పోల్చుకుంది. "మాస్టారూ... మీరా? ఇదంతా మీకెలా తెలుసు?"

"రెండేళ్లుగా నేనూ అదే మింగుతున్నా."

సీసా లాక్కుని చూశాడు. లేబుల్ మీద ఒక డోసు, మాత్రల మీద అచ్చయిన డోసు దానికి నాలుగింతలు. ఆమె చెయ్యి జేబులోకి పోబోయింది. ఒడిసి పట్టుకుని, బ్రష్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"చీఫ్, డాక్టర్ని పంపండి. మన చిలక ఏ కొమ్మ మీద వాలిందో తెలిసింది."

డాక్టరు వచ్చి ఈసీజీ తీసి, అంబులెన్స్ ఎక్కించాల్సిందే అన్నాడు. ప్రొఫెసర్ మొండికేశాడు. స్ట్రెచర్ మీద పడుకునే, పదికి నిమిషం ముందు, కమిటీకి కోడ్ మొత్తం అప్పజెప్పాడు.

వరండాలో బేడీలతో నిలబడ్డ చిలక కళ్లలో నీళ్లున్నాయి.

"ఆరేళ్లు మీ వెనకే తిరిగాను. నన్ను పట్టిచ్చేటప్పుడు మీ గుండె ఒక్కసారైనా అదరలేదా మాస్టారూ?"

నిదానం తన మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టాడు. చిలక కూడా ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది.

"డెబ్బై రెండు," అన్నాడు. "మా డాక్టరు వింటే చాలా సంతోషిస్తాడు."