పన్నెండు వందల స్పీడ్

హనుమకొండలో ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. రిటైరైన లెక్కల లెక్చరర్ కిషన్ రావు తన పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కీబోర్డే కంప్యూటర్, టీవీయే తెర. ఆ కాలంలో అలాంటివి వరంగల్ మొత్తంలో నాలుగో అయిదో ఉండేవి. అది కొన్నందుకు భార్య సుకన్య నెల రోజులు మాట్లాడలేదు, అది వేరే కథ.

అలాంటిదే ఇంకొకటి ధర్మసాగర్‌లో స్నేహితుడు రమాకాంత్ ఇంట్లో ఉంది. ముప్పై ఏళ్ళు ఇద్దరూ టెలిఫోన్ తీగ మీద, మోడెంలతో ఉత్తరాలు పంపుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పోయినేడు ఏదో చిన్న మాట మీద చెడింది. రమాకాంత్ మంచాన పడి రమ్మని కబురు చేసినా కిషన్ రావు పోలేదు. దహనానికీ పోలేదు.

పదకొండో రోజు రమాకాంత్ కూతురు యమున ఫోన్ చేసింది. నాన్న మీకోసం ఏదో టైపు కొట్టి పెట్టాడని, మిషన్ బంద్ చెయ్యొద్దన్నాడని, దాని తెర ఈ మధ్యే కాలిపోయింది గనక తమకేమీ కనబడదని చెప్పింది. అక్కడికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి? ఇంట్లోంచే మోడెం కలిపాడు.

ఉత్తరం పొడుగ్గా ఉంది, ముందంతా పాత ముచ్చట్లే. మోడెం స్పీడ్ మూడు వందలు. వాన నీళ్ళు తీగలోకి దిగి లైను రెండు నిమిషాలకే తెగుతోంది. ఎన్నిసార్లు కలిపినా ఒకే చోట ఆగుతోంది: "కిషన్, నీ మీద నాకు కోపం"

ఉందా, లేదా? తెలుగులో అసలు సంగతి చివరి మాటలోనే ఉంటుంది. ఆ ఒక్క మాట కోసం మూడు రోజులుగా ఆయనకు తిండి సయించడం లేదు.

టెలిఫోన్ పనిలో తల నెరిసిన ఆజంను పిలిపించాడు. ఇది మోడెం కాదు సార్, ఎడ్లబండి అని నవ్వి, ఆజం పెట్టె విప్పి ఒక ముక్క మార్చి, స్పీడ్ పన్నెండు వందలకు పెట్టాడు.

మోడెం కూసింది. ఉత్తరం గబగబా దిగింది.

"కోపం లేదు. వస్త."

కిషన్ రావు కళ్ళు తుడుచుకున్నాడు. మనం ఎవరింట్లోంచి లేచినా పోతానని అనం, వస్తాననే అంటాం. రమాకాంత్ ఆఖరి సెలవూ అట్లాగే తీసుకున్నాడనుకున్నాడు. అలవాటు కొద్దీ వేళ్ళు జవాబు కొట్టాయి: "మంచిది, రా."

రెండు నిమిషాలు దాటాయి. లైను తెగలేదు.

కూత సన్నబడింది. తెర మూల స్పీడ్ అంకె మారింది. 2400... 4800... తీగలో గరగర పోయింది. గదిలోకి తడిసిన బూడిద వాసన వచ్చింది.

"సార్... నేను పెట్టింది పన్నెండు వందలే," అన్నాడు ఆజం గొంతు తగ్గించి.

"మరి ఇదేంది?"

"తీగ పొడుగైతే స్పీడ్ తగ్గుతది. గింత పెరగాల్నంటే... అవతలి మిషన్ దగ్గరికి రావాలె."

9600...

"తీగ గుంజెయ్, ఆజం భాయ్."

ఆజం చెయ్యెత్తి చూపించాడు. మోడెం నుంచి ఊడదీసిన తీగ అప్పటికే అతని చేతిలో ఉంది.

అంకె ఇంకా పెరిగింది. ఆగింది. కూత ఆగింది. కిషన్ రావు రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. ఆయన కీబోర్డు మీద మీటలు ఒక్కొక్కటే... నెమ్మదిగా... లోపలికి దిగుతున్నాయి.

తెర మీద రెండే మాటలు.

"జర జరుగు."