గాజు గిన్నెలో ఎర్ర క్లిప్పు

అక్టోబరు ఆఖరి సాయంత్రం అమెరికా పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి క్యాండీలు అడుగుతారని మొదటిసారి విన్నప్పుడు విమలకుమారి నమ్మలేదు. అడుక్కోవడమేమిటి, అదీ కార్లున్న వాళ్ళ పిల్లలు! ఆవిడ భర్త దైవాశీర్వాదమైతే పాస్టరుగారి మాట పట్టుకుని, "అది మన పండగ కాదు, గడప దాటొద్దు" అని తేల్చేశాడు. కానీ ఆరేళ్ళ ఎస్తేరు ఊరుకుంటేనా? క్లాసులో అందరూ వెళ్తున్నారని ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది. కన్నతల్లి మనసు కదా, కరిగిపోయింది. ఆయన ఆఫీస్ నుంచి వచ్చేలోపు నాలుగిళ్ళు తిప్పి తీసుకొచ్చేద్దామని కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

అది 1983. శాంటా క్లారాలో వాళ్ళు అద్దెకున్న వీధి అప్పటికింకా ప్రశాంతంగా ఉండేది. క్రిస్మస్ నాటకానికి కుట్టిన తెల్ల గౌను, అట్టముక్క రెక్కలు, జుట్టుకి ఎర్ర ప్లాస్టిక్ క్లిప్పు. చేతిలో సరుకులు తెచ్చుకున్న కాగితం సంచీ. అదీ ఎస్తేరు వేషం. విమల మామూలుగానే చీర మీద స్వెట్టరు తొడుక్కుంది.

పిల్ల సంబరం చూడాలి! కిట్‌క్యాట్ పడితే ఒక గెంతు, స్నికర్స్ పడితే రెండు. దానికి ప్రాణం మాత్రం ఆరెంజ్ కాగితంలో చుట్టిన రీసెస్ చాక్లెట్ల మీదే. "మమ్మీ, ఇంకొక హౌస్, ప్లీజ్, రీసెస్ రాలేదు కదా" అంటూ లాక్కెళ్ళింది. అలా లాగి లాగి వీధి చివరి మలుపు కూడా తిప్పేసింది.

అక్కడ ఒకే ఇల్లు. గుమ్మంలో గుమ్మడికాయ దీపం లేదు. పచ్చటి బల్బు ఒకటి వెలుగుతోంది. తడి గడ్డి వాసన, దాని వెనక ఏదో పాత పెట్టె మూత తీసినట్టు కలరా ఉండల వాసన. మెట్ల దగ్గరకి వచ్చేసరికి, తడి గడ్డి మీద ఈడ్చుకొచ్చిన సంచీ అడుగు నాని ఊడింది. క్యాండీలన్నీ బురదలో పడ్డాయి. ఎస్తేరు గొల్లుమంది.

తలుపు తెరుచుకుంది. సన్నటి ముసలావిడ. చేతిలో పెద్ద గాజు గిన్నె. దాని నిండా రీసెస్... అవి తప్ప ఇంకేం లేవు.

"ఏడవకు తల్లీ. గిన్నె పట్టుకెళ్ళు. ఇక్కడికి ఇంకెవరూ రారు" అంది ఆవిడ ఇంగ్లీషులో, చాలా మెత్తగా.

పరాయి వాళ్ళ గిన్నె వీధులెంట మోసుకు తిరగడం బాగోదని విమల కొంగు పట్టి, అందులోకి క్యాండీలన్నీ ఒంపుకుంది. గిన్నె తిరిగి ఇవ్వబోయి ఆగిపోయింది. ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం? బాపట్లలో వాళ్ళమ్మ జ్ఞానమ్మ పక్కింటి గిన్నె తిరిగి పంపాలంటే చిటికెడు పంచదారైనా వెయ్యందే పంపేది కాదు. ఇప్పుడు చేతిలో ఏముంది? ఆవిడిచ్చిన క్యాండీయే ఆవిడకిస్తే నవ్వుతుందేమో. అటూ ఇటూ చూసి, ఎస్తేరు జుట్టులోంచి ఎర్ర క్లిప్పు తీసి గిన్నెలో వేసింది.

"మా వాళ్ళలో ఖాళీ గిన్నె ఇవ్వరండీ" అంది మొహమాటంగా.

ముసలావిడ క్లిప్పు వైపు చాలాసేపు చూసింది. "ఇది పాపదా?"

"అవునండీ."

"నాకే ఇచ్చేస్తున్నావా? ఎప్పటికీ?"

"మీకేనండీ. ఉంచుకోండి" అంది విమల నవ్వుతూ. పిల్లని మాటమాత్రం అడగలేదు. క్లిప్పుకి అడగడమేమిటి!

తలుపు మూసుకుంది.

మలుపు తిరిగాక మొదటి ఇంట్లో మంత్రగత్తె టోపీ పెట్టుకున్న అమ్మాయి తలుపు తీసి, "హ్యాపీ హాలోవీన్! మీ పిల్లలెక్కడ?" అంది. విమల పక్కకి చూసింది. ఎస్తేరు చెయ్యి చాపుకుని నిలబడే ఉంది. వేళాకోళమేమో అనుకుని నవ్వేసింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. అయోమయంగా చూసి తలుపేసేసుకుంది.

తరవాతి ఇల్లు రాధారాణిది. గుంటూరామె, వీళ్ళకి బాగా చనువు, ఎస్తేరుని పుట్టినప్పటి నుంచీ ఎత్తుకుని తిరిగిన మనిషి.

"అదేంటి విమలా, నువ్వొక్కదానివే వచ్చావు? ఎస్తేరుని ఇంట్లో వదిలేశావా?"

"హాయ్ ఆంటీ!" అంది ఎస్తేరు.

రాధారాణి విమల మొహమే చూస్తోంది. "పాపం, దానికి ఇవి ఇవ్వు" అంటూ రెండు కిట్‌క్యాట్‌లు విమల చేతిలో పెట్టింది. "ఏమైందే? మొహం అలా పాలిపోయిందేంటి?"

విమల గోడ వైపు చూసింది. గుమ్మంలో గుమ్మడికాయ దీపం గోడ మీద ఆమె నీడ వేస్తోంది. ఒక్కటే నీడ.

మెట్లు దిగాక ఎస్తేరు అడిగింది. "మమ్మీ, ఆంటీకి నా మీద కోపమా? ఎందుకు చూడట్లేదు?"

ఆ గొంతు ఎక్కడో పక్కగదిలోంచి వచ్చినట్టుంది. విమల దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. చల్లగా ఉంది. బరువే లేదు. తెల్ల గౌనులోంచి వెనకాల కంచె కనిపిస్తోంది.

అయ్యో ప్రభువా! నా చేతులతో నేనే ఇచ్చేశాను. ఉంచుకోమని కూడా చెప్పాను.

కొంగు వదిలేసింది. రీసెస్ అన్నీ రోడ్డు మీద దొర్లిపోయాయి. పిల్లని చంకనేసుకుని పరుగెత్తింది. చంకలో పిల్ల ఉందో లేదో తెలియడం లేదు. "ఎస్తేరూ, మాట్లాడమ్మా... మాట్లాడుతూనే ఉండు..."

"మమ్మీ... చలి..."

"ఇంకా..."

జవాబు లేదు.

ఆ ఇంటి పచ్చ బల్బు ఆరిపోయింది. విమల ఖాళీగా ఉన్న చేత్తో తలుపు బాదింది. చీర కుచ్చెళ్ళు ఊడిపోతున్నా చూసుకోలేదు. "అమ్మా! మీ కాళ్ళకి దణ్ణం పెడతాను! నా పిల్లని నాకిచ్చెయ్యండి!" తెలుగే వస్తోంది నోట. ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రావడం లేదు.

తలుపు సగం తెరుచుకుంది. కలరా ఉండల వాసన గుప్పుమంది.

"ఇచ్చింది వెనక్కి అడుగుతారా మీ వాళ్ళు?" అంది ముసలావిడ అదే మెత్తటి గొంతుతో. ఆమె మాట్లాడింది ఇంగ్లీషో తెలుగో విమలకి తెలియలేదు.

"తెలియక ఇచ్చాను తల్లీ. నన్నుంచుకో. దాన్నొదిలెయ్."

ఆవిడ గాజు గిన్నె ముందుకి చాపింది. అందులో ఉన్నది ఎర్ర క్లిప్పు ఒక్కటే కాదు. రిబ్బన్లు, చిన్న చిన్న చేతి తొడుగులు, పాలపన్ను, బొమ్మ చెప్పు... గిన్నె నిండా ఉన్నాయి.

ముసలావిడ క్లిప్పు తీసింది. దానితో పాటు ఒక నీలం బొత్తాం కూడా తీసింది. తెగిన దారం ఇంకా దానికి వేలాడుతోంది.

"ఒట్టి క్లిప్పే ఎలా ఇస్తాను? నువ్వే చెప్పావుగా పద్ధతి. ఇదీ పట్టుకెళ్ళు."

"వద్దు... నాకదొద్దు..."

"రెండూ తీసుకుంటేనే."

ఎవరిది, ఏమిటి, అడిగే తీరిక ఎక్కడుంది? నిప్పుకణిక పెట్టినా పుచ్చుకునేది. రెండూ గుప్పిట్లో బిగించి వెనక్కి తిరిగింది. చంకలో ఉందో లేదో తెలియని జుట్టు కోసం తడుముతూ, క్లిప్పు పెట్టింది. ఒకసారి జారింది. రెండోసారి... టిక్కుమని పడింది.

బరువు. వెచ్చదనం. ఎస్తేరు ఏడుపు, చెవులు చిల్లులు పడేలా. ఆ ఏడుపంత తియ్యటిది విమల తన జన్మలో వినలేదు.

మలుపు దగ్గర ముసుగేసుకున్న పిల్లాడొకడు ఎదురై, "రెక్కలు బావున్నాయి" అన్నాడు ఎస్తేరుతో. విమల వాణ్ణి ముద్దుపెట్టుకున్నంత పని చేసింది. పక్కనే ఇనప జల్లెడ మూత ఉన్న మురికి కాలవ కనబడితే, నీలం బొత్తాన్ని అందులో పడేసింది. అది నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా విన్నాకే కదిలింది.

ఇంటి ముందు కారు ఆగి ఉంది. దైవాశీర్వాదం వచ్చేశాడన్నమాట. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. ఇంట్లో దీపం వెలుగుతోంది, పిల్ల చంకలో ఉంది, అంతకన్నా ఏం కావాలి?

ఆయనే తలుపు తీశాడు. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు కానీ పిల్ల కళ్ళు చూసి మెత్తబడ్డాడు. ఎస్తేరుని అందుకుని ముద్దుపెట్టుకుని కిందికి దించాడు. విమల లోపలికొచ్చి తలుపు వెయ్యబోయింది.

ఆయన తలుపు పట్టుకుని ఆపాడు.

"ఉండవే, ఆ పాప చెయ్యి నలుగుతుంది." గుమ్మం బయటికి వంగి, గొంతు తగ్గించి ఇంగ్లీషులో అన్నాడు. "లోపలికి రామ్మా. ఎందుకేడుస్తున్నావు? మీ ఇల్లెక్కడ?"

విమల చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

ఎస్తేరు పక్కకి జరిగి, ఎవరికో దారి ఇచ్చింది.

"ఎక్కణ్ణుంచి తీసుకొచ్చావే దీన్ని? పాపం, కోటు గుండీ కూడా ఊడిపోయింది" అన్నాడు దైవాశీర్వాదం. ఆయన చెయ్యి గాలిలో, ఎస్తేరు భుజం ఎత్తున, మెల్లగా ఒక తలని నిమురుతోంది.