ఫణి తీసిన చివరి ఫొటో

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్ట దగ్గర వంగి నిలబడ్డ ఏజెంట్ ఫణికుమార్‌ని ఎవరో వెనకనుంచి మెడమీద పెన్నుతో పొడిచారు. పెన్నులో ఉన్నది సిరా కాదు. ఫణి గిర్రున వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలోనే అతని చొక్కా గుండీలో దాచిన కెమెరా ఒక ఫొటో తీసింది. జనం ఎండదెబ్బ అనుకుని మొహాన నీళ్లు చల్లేలోపే ప్రాణం పోయింది.

బుధవారం సాయంత్రానికి ఆ కెమెరాలోని మెమరీ కార్డు నాంపల్లి స్టేషన్ ఎదురు లాడ్జిలో ఏజెంట్ శశికిరణ్ చేతికొచ్చింది. లాడ్జి రిజిస్టర్‌లో అతను ఎరువుల కంపెనీ సేల్స్‌మన్. ఫోన్లో చీఫ్ కరుణాకర్ గొంతు కరుకుగా ఉంది.

"ఫణిని చంపినోడి దగ్గర మన రాడార్ నక్షలున్నయ్. విదేశీ ముఠా మనిషి. ఇయ్యాల ఊరు దాటుతడు. వాని మొహం ఆ కార్డులనే ఉన్నది. ఆఫీసుల లీకుంది, అందుకే నిన్ను గాడ కూసోబెట్టిన. మొహం గుర్తుపట్టనీకి ఉజ్వల వస్తది."

"వాణ్ణి నాకొదిలేయండి సార్."

"ప్రాణంతో కావాలె, శశీ."

శశికిరణ్ ఫోన్ పెట్టేశాడు. అతనూ ఫణీ ట్రైనింగ్ రోజుల నుంచి ఒకే కంచం, ఒకే మంచం. దేశమూ రాడారూ తర్వాత సంగతి, ముందు ఆ హంతకుడి గొంతు తన చేతికి చిక్కాలి. మూడు రోజులుగా అతనికి అన్నం సహించకపోవడానికి కారణం దుఃఖం కాదు, కసి.

తలుపు చప్పుడైంది.

"ఆదివారం పుస్తకాలున్నాయా?" లోపల్నుంచి అడిగాడు.

"తడిసినవే మిగిలినయ్," అంది బయటి గొంతు. కోడ్ సరిపోయింది.

ఉజ్వల లోపలికొచ్చింది. గన్‌ఫౌండ్రీ బ్యాంకు ఆఫీసరు వేషం. చేనేత చీర, మెడలో ఐడీ కార్డు, నల్ల కళ్లద్దాలు, గది నిండా సెంటు. ముఠాలో ఆమె మన మనిషి. ముఠా లెక్కలో మాత్రం మన ఆఫీసులో వాళ్ల మనిషి. అసలు ఎవరి మనిషో కన్నతల్లికైనా తెలుసో లేదో.

శశికిరణ్ ఆబిడ్స్‌లో కొన్న చవక కార్డు రీడర్‌ని లాప్‌టాప్‌కి తగిలించాడు. లాప్‌టాప్‌లో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. రీడర్ దీపం వెలిగింది. lsusb అని కొడితే రీడర్ పేరు కనబడింది. lsblk అని కొడితే డిస్కు ఉందంది, సైజు సున్నా అంది. అంటే రీడర్ బతికే ఉంది, కార్డే దాని కంటికి ఆనడం లేదు. పోర్టు మార్చాడు. కార్డు మీది ఇత్తడి రంగు గీతల్ని రబ్బరుతో తుడిచాడు. మళ్లీ సున్నాయే.

"ఏంది శశీ, గా డబ్బాతోటి ఎంతసేపు కుస్తీ పడతవ్?" ఉజ్వల హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. "జర నాది పెట్టి చూడు."

నల్లగా నిగనిగలాడే రీడర్. శశికిరణ్ కార్డు అందులోకి మార్చి లాప్‌టాప్‌కి పెట్టాడు. లోపల జరిగేదంతా పూసగుచ్చినట్టు చెప్పే dmesg పక్క విండోలో నడుస్తోంది. 'స్టోరేజ్' అని ఒక లైను పడింది. బాగుంది. ఆ కిందనే 'కీబోర్డ్' అని ఇంకో లైను పడింది.

కార్డు రీడరుకి కీబోర్డుతో ఏం పని?

అతను పీకేలోపే స్క్రీన్ మీద అక్షరాలు వాటంతటవే పడసాగాయి. శశికిరణ్ చేతులు గాల్లోనే ఉన్నాయి, టైపు చేస్తున్నది ఆ రీడరే. కార్డులో ఉన్నదంతా చెరిపెయ్యమని ఒక ఆజ్ఞ, లాప్‌టాప్‌లోని ఫైళ్లన్నీ పంపమని ఇంకో ఆజ్ఞ, చివర పంపాల్సిన ఈమెయిల్ అడ్రసు. అన్నీ విండోస్‌కి అర్థమయ్యే భాషలో. లినక్స్ నింపాదిగా బదులిచ్చింది: కమాండ్ నాట్ ఫౌండ్.

ఊరంతా వాడేది విండోసే కదా, వీడూ అదే వాడతాడనుకున్నారు ముఠా ఇంజనీర్లు. ఉజ్వలకి ఏ స్క్రీనైనా ఒకటే. దొంగ తను చేయబోయే దొంగతనాన్ని అడ్రసుతో సహా గోడమీద రాసిపెట్టి పోయాడు. పైగా ఆ రీడర్ తన రెండో పని శుభ్రంగా చేసింది. కార్డు తెరుచుకుంది.

ఫొటోలో పల్చటి మీసం. చేతిలో పెన్ను. మొహంలో నవ్వు. ఫణిని వాడు నవ్వుతూ చంపాడు.

ఉజ్వల చెయ్యి బ్యాగులోకి జారింది. శశికిరణ్ పిస్టల్ అప్పటికే ఆమె వైపు తిరిగి ఉంది.

"చెయ్యి బయటికి తియ్. ఎవడు వీడు? ఎక్కడున్నాడు?"

"నాకేం తెల్వది. కాలుస్తవా? కాల్చు. నేను సచ్చినంక ఎవర్ని అడుగుతవ్?"

నిజమే. అతను ఒంటిచేత్తో ముఠా అడ్రసుకి ఒక మెసేజ్ టైపు చేసి, స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. 'కరుణాకర్ సార్, మాట ప్రకారం మనిషిని అప్పగిస్తున్నాను. ఫొటో జత చేశాను. ఉజ్వల.'

"పొరపాటున వాళ్లకి పంపావనుకుంటారు. ఆ తర్వాత నిన్నేం చేస్తారో నీకే బాగా తెలుసు. ఎంటర్ కొట్టనా?"

బుల్లెట్‌కి బెదరని మనిషి మొహం పాలిపోయింది.

"కొట్టకు! సుశాంత్ వాడు. చెన్నై బండిల ఉన్నడు, ఆఖరి బోగీ. నక్షలు టిఫిన్ డబ్బల పెట్టిండు. శశీ, నీకు దండం పెడత, కొట్టకు."

స్టేషన్‌లో కూత వినబడింది. ఆమె చేతిని మంచం కోడుకు సంకెలతో బిగించి, కీబోర్డు మీద ఒక వేటు వేసి, మెట్ల మీద పరుగెత్తాడు శశికిరణ్.

రైలు కదిలింది. ఆఖరి బోగీ ప్లాట్‌ఫారం దాటేవేళకి కమ్మీ చేతికందింది. తలుపు పక్కనే సుశాంత్, ఒళ్లో టిఫిన్ డబ్బా. శశికిరణ్ చూపులోనే సంగతి పసిగట్టి జేబులోంచి పెన్ను లాగాడు. శశికిరణ్ ఆ మణికట్టు పట్టి విరిచాడు. పెన్ను ములుకు సుశాంత్ మెడకే ఆనింది. ఇంకొంచెం నొక్కితే చాలు. ఫొటోలోని నవ్వు ఆ మొహంలో లేదు. వీడికి చిటికెలో చావు ఇస్తే మర్యాద చేసినట్టే అనిపించింది. పెన్ను పట్టాల మీదికి విసిరి, ఫణి పేరు చెప్పి మరీ దవడ పగలగొట్టి, గొలుసు లాగాడు.

సుశాంత్‌ని రైల్వే పోలీసులకి అప్పగించి, చీఫ్‌కి ఫోన్ చేసి, టిఫిన్ డబ్బాతో లాడ్జికొచ్చేసరికి కరుణాకర్, అతని మనుషులు ఉజ్వలని జీపెక్కిస్తున్నారు.

"ఎంటర్ కొట్టలే గదా?" అంది జీపులోంచి తల బయటపెట్టి.

"కొట్టాను, పోతూ పోతూ."

జీపు వెళ్లిపోయింది. కరుణాకర్ తన చేతిలోని లాప్‌టాప్ వంక చూసి గొంతు తగ్గించాడు. "ఏందయ్యా నువ్వు? దీనికి నెట్టే లేదు. అనుమానం కార్డులు తెరవనీకి పెట్టుకున్నం. నువ్వు కొట్టింది ఏడికి పోదు. ఆమెకు చెప్పొద్దా?"

శశికిరణ్ మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"చెబుదాం సార్, జైల్లో ఆమెకి నిద్ర పట్టిన రోజున."