గండివాకిలి పగ

ఏరు రెండు కొండలను నడిమికి కోసికొని పారెడిచోట, ఆ కోతకు కాపలా కాయునట్లు నిలిచియుండెను గండిదుర్గము. దానిని పెనుమాడి రాజు సేన ముట్టడించి మూడు నెలలు గడచెను. దిగువ మైదానమంతయు గుడారములతో తొలకరి పుట్టగొడుగులు మొలిచినట్లుండెను. భేరీల మ్రోతకు చెట్లపై పక్షి వాలుటలేదు. అయినను కోటగోడలో ఒక్క రాయియు కదలలేదు.

గోడ చెక్కు చెదరలేదు గాని, గోడలోపలి జనము రెండుగా చీలిపోయిరి.

కోటలో తూర్పున సాలెవాడ, పడమట కాసెవాడ. ఒకరు బట్ట నేసెడివారు, ఒకరు రాయి మలచెడివారు. తాతల కాలమునుండి ఒకరి పెండ్లికి ఒకరు పందిళ్లు వేసినవారే. ముట్టడి మొదలైన రెండవ నెలలో, కోట చాటునున్న ఏటిరేవున నూలు తడుపుచున్న పదిమంది సాలెవారిని ఎవరో చంపిరి. ప్రతి శవము రొమ్మునను ఒక్కొక్క ఉలి దిగియుండెను. ఎనిమిదినాళ్లకు కాసెవాడలో ఏడిండ్లు కాలెను. బూడిదలో సాలెవారు మగ్గముపై నూలు ఆడించెడి నాడెలు దొరికెను. అంతటితో రెండు వాడలును కత్తులు నూరుకొనెను. నలువదిమంది నేలకొరిగిరి.

ఆ నలువదవవాడు దుర్గసేనాని రేచమనాయకుని ఒక్కగానొక్క కొడుకు కొమ్మన. అంగడివీధిలో ఇరువాడలవారు తలపడగా, చేత ఆయుధము లేకుండ నడుమకు పోయి "ఆగుడు, ఆగుడు" అని అరచుచున్నవానికి వెన్నున బల్లెము దిగెను.

అరువదియేండ్ల రేచమనాయకుడు ఆ కబురు విని ఏడువలేదు. తలపాగ విప్పి నేలనుంచి, "నా కొడుకును పొడిచినవాని నెత్తురు చూచువరకు దీనిని మరల చుట్టను" అనెను.

మహాప్రధాని విద్దనామాత్యుడు పరామర్శకు వచ్చి, కండువాతో కన్నులొత్తుకొని ఇట్లు పలికెను: "నాయకా, పొడిచినది సాలెవారని నా వేగులు రూఢిగా చెప్పుచున్నారు. పాములపుట్టను ఇంటిలో నుంచుకొని పగవానితో పోరుటెట్లు? ఏలినవారు వల్లభరాజుగారు పసివయసువారు, వారి మనసు మెత్తన. వారిని అడుగవలదు. ఆ వాడను కాల్చివేయుము. తరువాతి మాట నేను చూచుకొందును."

మరునాటి ప్రొద్దుట రేచమనాయకుడు నూరుమంది భటులతో, మండుచున్న కాగడాలతో సాలెవాడకు పోయెను. వీధి మొదటనే ఒక నడివయసు స్త్రీ అడ్డముగా నిలిచియుండెను. ఆమె చౌడమ్మ. రేవున చచ్చిన పదిమందిలో ఆమె పెనిమిటి ఒకడు.

"తప్పుకొనుమమ్మా. ఆడువారిపై నాకు పగలేదు."

"కాల్తువు గాని, నాయకయ్యా! ముందు నీ కొడుకు ఎక్కడ ప్రాణము విడిచెనో చూచి కాల్చుము. అంగడివీధినుండి మోసికొనివచ్చితిమి. నా మగ్గము ప్రక్కన, నేను పరచిన చాపమీద. నా నోటి గంజి వాని నోట పోసితిని. చివరి మాట చెప్పనా? 'నా పేరు చెప్పి వాడలు కాల్చవద్దని నాన్నగారితో అనుము' అనెను."

రేచమనాయకుడు కాగడాను దించెను. "మరి ఎవరు పొడిచిరి?"

"అది నాకును తెలియదు. నా మగనిని చంపినవాడు మాత్రము కాసెవాడే," అని ఆమె కొంగుముడి విప్పి, నల్లని నెత్తుటి మరకతోనున్న ఉలిని చూపెను. "ప్రతి ప్రొద్దు దీనిని చూచుకొనుచున్నాను. దీనితోనే పగ తీర్చుకొందును."

రేచమనాయకుడు ఆ ఉలిని చేతికి తీసికొని త్రిప్పి చూచెను. అది ఎవరిదో గుర్తుపట్టి చెప్పుటకు కాసెవాడ పెద్ద మల్లోజును పిలిపించెను. కాలిన యిండ్లలో రెండు తన కొడుకులవే అయిన ఆ ముసలివాడు, సాలెవాడ మన్ను తొక్కుట యిష్టములేక వాడ పొలిమేరకు ఆవలనే నిలిచెను. ఉలిని చూచినంతనే అతని కనుబొమలు ముడివడెను.

"ఇది ఉలికాదు, నాయకా."

"ఉలిగాక మరేమి?"

"దీని తల చూడుడు. నున్నగానున్నది. సుత్తిదెబ్బ తిన్న ఉలి తల పువ్వువలె విచ్చుకొనును. ఇది ఒక్కనాడును రాతిని తాకలేదు. ఏ కాసెవాడును దీనిని మొలలో పెట్టుకొనడు." అతడు గొంతు తగ్గించి, "ఆ పది ఉలులలో ఒక్కటియు మేమింతవరకు చూడలేదు. ఎవరును చూపలేదు," అనెను.

చౌడమ్మ అతనివైపు చేయి చాచెను. "మీ బూడిదలో దొరికిన నాడెలెక్కడ?" అని అడిగెను. మల్లోజు నడుమునుండి ఒకటి తీసి ఆమె చేతనుంచెను. ఆమె దానిని త్రిప్పి చూచి, వ్రేలు జొనిపి, పెద్దగా నవ్వెను. ఆ నవ్వు విని భటులు భయపడిరి.

"నూలు వచ్చుటకు కన్నేది దీనికి? కన్నులేని నాడెతో మా పసిబిడ్డ కూడ ఆడుకొనదు. ఒకరి పనిముట్టు నొకరు చూపుకొనియుంటే, తాతా, నలువదిమంది బ్రతికియుందురుగదా!"

మల్లోజు పొలిమేర దాటి లోనికి వచ్చి ఆమె ముందు కూలబడెను.

కోటలో ఒక్క అచ్చున పది ఉలులు సాగదీయగల కొలిమి ఒక్కటే. అది మహాప్రధాని ఆయుధశాలది. అక్కడి కమ్మరిని గుట్టుగా పట్టితెచ్చి నిలువబెట్టగా, అతడు మూడవ ప్రశ్నకే కాళ్లపై బడి అంతయు చెప్పెను. ఉలులును, నాడెలును చేయించినది విద్దనామాత్యుడు. కొమ్మనను పొడిపించినదియు అతడే. ఇరువాడలును రాజీపడునేమోనని జంకెను. రెండు వాడలనుండియు పొగ లేచిననాడు గండివాకిలి గడియలు తీసి పెనుమాడి సేనను లోనికి పిలుచుటకు ఒప్పందము. దానికి ప్రతిఫలము ఈ దుర్గముపై ఏలుబడి.

రేచమనాయకుడు ఈ సంగతి బయటికి పొక్కకుండ కమ్మరిని దాచియుంచి, ఇరువాడల పెద్దలను చౌడమ్మ మగ్గపుసాలలో కూర్చుండబెట్టి ఇట్లు పలికెను: "నా కొడుకు వాడలను కాల్చవద్దనెను. కాల్చను. అయితే వాని మాటలో క్షమింపుమన్నది లేదు. మీరును మీ చచ్చినవారిని తలచుకొనుడు. పగ విడువుమని నేను చెప్పను. ఇన్నాళ్లు తప్పు తలుపు తట్టితిమి. ఇప్పుడు కలిసి సరియైన తలుపు తట్టుదము."

మూడవనాటి ప్రొద్దెక్కిన వేళ రెండు వాడలలోను తడిగడ్డి వాములు రాజుకొనెను. పొగ ఆకాశమునంటెను. స్త్రీలు గుండెలు బాదుకొని ఏడ్చిరి; అది నటన అని చెప్పవలసియున్నది గాని, ఆ యేడుపులో కల్ల లేదు. విద్దనామాత్యుని మనుష్యులు గండివాకిలి తెరచిరి. పెనుమాడి రాజు బావమరది ముందు నడువగా మున్నూరు గుర్రములు, రెండు గోడల నడుమనున్న ఇరుకుసందులోనికి ఉరికెను.

సందులో మోకాటియెత్తున, పడుగునూలు పదిపేటలుగా పేని సాలెవారు కట్టిన మోకులుండెను. మొదటి మోకు కొనను చౌడమ్మ లాగి పట్టెను. ముందరి గుర్రములు కూలగా వెనుకటివి వానిపై బడెను. గోడలపైనుండి కాసెవారు బండలు దొర్లించిరి. ఏ రాతిని ఎక్కడ తట్టిన ఎటు దొర్లునో వారికి తెలిసినట్లు మరెవరికి తెలియును? వారి వెనుక గండివాకిలి తలుపును రేచమనాయకుని భటులు మూసివేసిరి. లోనికి వచ్చినవారిలో ఒక్కడును తిరిగిపోలేదు.

వాకిటి మేడపైన, చేతిలోని సంకేతపు జెండాతో సహా విద్దనామాత్యుడు పట్టుబడెను. అయినను అతడు తల వంచలేదు.

"నాయకా, నేను రాజముద్ర ధరించిన మంత్రిని. నాపై చేయివేయు హక్కు నీకు లేదు. నన్ను ధర్మాసనము ముందుకు కొనిపొమ్ము."

"మీరు చెప్పినది నిజము, మహాప్రధానీ. చేయివేయను," అని రేచమనాయకుడు బంగారు పల్లకి తెప్పించెను. అమాత్యుని మెడలో పూలదండ వేయించి, తాంబూలపు పళ్లెము ముందుంచి, బోయీలతో "ఆవలికి" అనెను. ముందు నడచు భటునికి చెప్పవలసిన మాట చెప్పి పంపెను.

పల్లకి శత్రుశిబిరము చేరినంతనే భటుడు ఎలుగెత్తి చాటెను: "నేటి మా విజయమునకు మూలపురుషుడు, మున్నూరు గుర్రములను మా సందులోనికి రప్పించిన మేధావి, మహాప్రధాని విద్దనామాత్యులవారు సంధి మాటలాడ వేంచేసినారు!"

అప్పటికి అమాత్యునికి అర్థమయ్యెను. "అబద్ధము! నేను మీ వాడను!" అని అతడు అరచిన అరపు కోటగోడవరకు వినవచ్చెను. బావమరది శవము కొఱకు ఎదురుచూచుచున్న పెనుమాడి రాజు ఆ మాట నమ్మలేదు. బోయీలను విడిచిపెట్టి, అమాత్యుని పల్లకి దండెకే కట్టించెను. బల్లెములు ఎన్ని దిగెనో ఎవరును లెక్కింపలేదు.

గోడపైనుండి ఇరువాడలవారును చూచుచుండిరి. చౌడమ్మ రెప్పవాల్చక చివరివరకు చూచెను. రేచమనాయకుడు తలపాగ తెప్పించి, నిదానముగా, ఒక్కొక్క చుట్టే చుట్టుకొనెను.

పదినాళ్లకు ముట్టడి ఎత్తివేసి శత్రువు పోయెను. వల్లభరాజు నిండుకొలువులో రేచమనాయకుని పిలిచి, "నాయకా, దుర్గమును కాచితివి. కాని నా మంత్రిని నా తీర్పులేక చంపించితివి. నేడు నేను ఊరకున్న, రేపు ప్రతి సేనానియు తీర్పరియగును. ఏమందువు?" అనెను. ఆ కుర్రరాజు మాట తడబడలేదు.

"దేవర మాట న్యాయము. శిక్షింపుడు. పశ్చాత్తాపము మాత్రము అడుగవలదు. అది నాయొద్ద లేదు."

మూడేండ్లు దేశము విడిచియుండవలెనని రాజు తీర్పు చెప్పెను. రేచమనాయకుడు కత్తి సింహాసనము ముందుంచి, మ్రొక్కి, కాలినడకన బయలుదేరెను. గండివాకిలికి ఇప్పుడు రెండు తాళములు వేయించిరి; ఒక తాళపుచెవి సాలెవారియొద్ద, ఒకటి కాసెవారియొద్ద. ఒకరు లేక ఒకరికి తలుపు తెరచుకొనదు. ఆనాటి కావలి చౌడమ్మ మరిదియు, మల్లోజు పెద్దకొడుకును. నాయకుని చూచి ఇద్దరును చేతులు జోడించిరి గాని తాళములు తీయలేదు.

"తీయుడు నాయనా, ఎండ ముదరకముందే ఏరు దాటవలెను," అనెను రేచమనాయకుడు.

ఇద్దరును ఒక్కమారే తాళపుచెవులు త్రిప్పిరి.