గదిలో రెండో మనిషి

"మంచం కింద కూడా చూపించండి."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు హెడ్‌ఫోన్లో ఆ మాట వినగానే జమునకు ఒళ్లు మండింది.

"మంచం కింద ఏముంటది సార్? ఉల్లిగడ్డలున్నయి."

"చూపించండి మేడమ్. రూల్."

లాప్‌టాప్ ఎత్తి ఉల్లిగడ్డలు చూపించింది.

లాక్‌డౌన్ ఏడాది అది. డిగ్రీ ఆఖరి పరీక్ష గోదావరిఖనిలో ఇంటి నుంచే రాయొచ్చన్నారు. కరీంనగర్ ప్రయాణం తప్పిందని ఇంట్లో అందరూ మురిసిపోయారు. బదులుగా ఆన్‌లైన్లో పరీక్షకు కాపలా కాసే, ముక్కూ మొహం తెలియని మనిషికి ఇల్లంతా చూపించాల్సి వచ్చింది. కెమెరాలో అతడికి ఆమె కనబడుతుంది. ఆమెకు మాత్రం అతడి గొంతు, తెర మీద 'వేణుమాధవ్' అనే పేరు, అంతే. గదిలో రెండో మనిషి గొంతు వినబడితే పరీక్ష రద్దు.

గంటన్నర బాగానే గడిచింది. అంతలో ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, పేలుళ్లకు ముందు మోగే బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

"జమునా! దుమ్మొస్తది, బట్టలు తియ్యవే!" వాకిట్లోంచి తల్లి కేక.

తెర ఎర్రబడింది. పరీక్ష ఆగిపోయింది.

"మా అవ్వ సార్! జవాబు చెప్పలే, బట్టలు..." ఈ పరీక్ష పోతే చదువు బంద్ అని నాయిన ముందే చెప్పాడు.

హెడ్‌ఫోన్లో అతడి వైపు నుంచీ సన్నగా అదే సైరన్. వెనుకే ఎవరిదో అరుపు: "ఓ వేణూ! జల్ది రారా, మిరపకాయల మీద దుమ్ము పడతది!"

జమున కళ్లు తుడుచుకుంది. "సార్, మీ రూంల గూడ రెండో మనిషున్నరు."

అతడు నవ్వేశాడు. "మా అవ్వ. రిపోర్టుల రాస్తున్న. బ్లాస్టింగ్ సైరన్, తల్లి బట్టలు తియ్యమన్నది, జవాబేం చెప్పలే అని. మీరు రాయున్రి."

"మీది గూడ గోదావరిఖనేనా సార్?"

"అది చెప్పొద్దు మేడమ్. రూల్."

ఆరు నెలల తర్వాత, పెద్దపల్లి బస్సు. అందరి మూతులకూ మాస్కులే. "పెద్దపల్లి ఒకటి" అని వెనుక టికెట్ అడిగిన గొంతు విని ముందు సీట్లో జమున గిరుక్కున తిరిగింది. అతడికి ఆ కళ్లు చాలు.

"రిపోర్టు రాసిన సారేనా?"

"పాసైన్రా?"

"అయిన. ఒక్కటే ఊర్లుండి ఒక్కసారన్న రాలేదేంది? అడ్రసు తెల్వదా?"

"హాల్‌టికెట్ మీద చూసిన. ఇంక మరువలే." తల దించుకున్నాడు. "మీరు రమ్మనకుండనే ఒకపారి ఇల్లంత చూసిన. మళ్ల పిలవకుండ ఎట్ల వస్తా?"

జమున కిటికీ వైపు తిరిగింది. బయట చినుకులు మొదలయ్యాయి.

"వచ్చే ఐతారం మా నాయినకు డ్యూటీ లేదు," అంది మెల్లగా. "పిలుస్తున్న. మీ అవ్వను గూడ తోల్కరా."