రెండు గొర్రెల కుడికాలు

మధ్యాహ్నం రెండింటికి డాక్టరమ్మ డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చింది.

"నా మందు ఎవరో మార్చేశారండీ! సాయంత్రం ఐదింటికి ఈ మందు సంగతి తేల్చే కమిటీ కూర్చుంటుంది. ఆలోపు తేలకపోతే ఆరేళ్ల పని మూలనపడ్డట్టే."

డిటెక్టివ్ ఆమెకు మంచినీళ్లిచ్చింది. డిటెక్టివ్‌కి సహాయకురాలైన ఆమె మరదలు నోటుపుస్తకం తెరిచింది.

అది కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులోకి ఎక్కించే మందు. ఆడవాళ్లకు ఇచ్చేముందు చూలు గొర్రెల మీద పరీక్షిస్తున్నారు. నిన్న ఎక్కించిన రెండు గొర్రెలు ఈ ఉదయం లేవలేకపోయాయి.

"వెనక కాళ్లు రెండూ పడిపోయాయా?"

"లేదు, కుడికాలొక్కటే. రెండింటికీ అంతే."

మరదలు ఆ మాట కింద గీత గీసింది.

షెడ్డులో డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని రెండు గొర్రెల తొడలూ తడిమింది. రెండింటికీ కుడివైపు ఊలు నేలకు నలిగి అట్టకట్టింది. ఎడమవైపు దూదిలా ఉంది.

"నిన్న లోపల ఎవరున్నారు?"

"చిన్న డాక్టరుగారమ్మా," అన్నాడు గొర్రెల కాపరి. "నా చేతులు మొరటని నన్ను బయటే నిలబెట్టారు."

"మొరటు కాక మరేంటయ్యా?" అన్నాడు పక్కనే ఉన్న చిన్న డాక్టరు. "అరగంటకోసారి నేనే పక్క మార్చానండీ. ఇదిగో, ఒక్కోదానికి పది సంతకాలు."

"కడుపులో పిల్ల గుండె ఎలా చూస్తారు?"

"తల్లి పొట్టకి బిళ్ల కడతాం. కాగితం మీద గీత పడుతుంది."

"తల్లిని కదిపితే?"

కాపరి నవ్వాడు. "బిళ్ల జారుద్ది, గీత తెగుద్ది. తిట్లన్నీ నాకే!"

ఐదింటికి కమిటీ ముందు అందరూ కూర్చున్నారు. డిటెక్టివ్ నిన్నటి కాగితాలు రెండూ బల్ల మీద పరిచింది.

"మందు చెడ్డదైనా, మార్చినా, రెండు గొర్రెల్లోనూ కుడికాలినే ఎలా వెతుక్కుంటుంది? పది సార్లు పక్క మారిస్తే గీత పది చోట్ల తెగాలి. ఐదు గంటల్లో ఒక్కచోటా తెగలేదు. నడుం కింద స్పర్శ లేని జీవికి తనంతట తాను పక్క మారడం కుదరదు. ఊలు అట్టకట్టిన ఆ కుడివైపే పడి ఉండగా, దాని బరువే దాని కాలి నరాన్ని నలిపేసింది. మందు ఎవరూ మార్చలేదు. గొర్రెల్ని పక్క మార్చలేదు, అంతే."

అందరూ చిన్న డాక్టరు వైపు చూశారు.

"గీత అంత చక్కగా ఎప్పుడూ రాలేదు మేడమ్," అన్నాడతను తల దించుకుని. "కదిపితే పాడైపోతుందని... సంతకాలు మాత్రం పెట్టేశాను."

మరదలు వదిన వైపు మెరిసే కళ్లతో చూసింది.

కమిటీ పెద్దాయన తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అయితే మందు మంచిదేనన్నమాట!"

డాక్టరమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. అంతలోనే తల అడ్డంగా ఊపింది.

"కాదండీ. ఈ రెండింటి వల్ల మంచీ తెలియలేదు, చెడూ తెలియలేదు. అతను పెట్టిన సంతకాలన్నీ ఇప్పుడు అనుమానమే. మొదటినుంచీ మళ్లీ చేస్తాను. రేపు ఎవరి కూతురో నన్ను నమ్మి ఈ సూదికి వెన్ను అప్పగిస్తుంది."

"ఇంకో రెండేళ్లు పడుతుందమ్మా!" అన్నాడు కమిటీ పెద్దాయన.

"పడనివ్వండి," అంది డాక్టరమ్మ.